విమానం రేకు మీద తెల్ల పొడి కనిపిస్తే ఎక్కడ వెతకాలి?

తుప్పంటే ఎర్రగా ఉంటుందని మనకు అలవాటు. విమానం ఒళ్లు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమమే కాబట్టి అక్కడ అది ముగ్గుపిండి రాలినట్టు తెల్లగానో, బూడిద రంగులోనో ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది, కింద గుంట మాత్రం మిగిలిపోతుంది. అందుకే తుడిచే ముందు తడి ఎక్కడ నిలిచిందో చూడాలి.

పెయింటు కింద వానపాము పాకిన జాడల్లాంటి గీతలు

కారణం చాలాసార్లు పెయింటు పని రోజునే మొదలై ఉంటుంది. రేకు సరిగ్గా కడగలేదు, లేదా కన్వర్షన్ కోటింగ్ (పెయింటు పట్టడానికి, తుప్పు ఆగడానికి ముందుగా రేకుకు ఇచ్చే రసాయన పొర) సరిగ్గా పట్టలేదు. మిగతా పని తేమ గాలి చేస్తుంది. పైన ఇంకో పూత వేస్తే జాడ దాగుతుంది, ఆగదు. ఆ మేర పెయింటు తీసి, తుప్పును పూర్తిగా గీకి, మళ్లీ కన్వర్షన్ కోటింగ్, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు వేయాలి. గీకడానికి ఉక్కు పీచు, ఉక్కు బ్రష్ వాడొద్దు. ఉక్కు రజను అల్యూమినియంలో ఇరుక్కుని కొత్త తుప్పుకు అదే విత్తనం అవుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ కాగితం వాడండి.

రివెట్ల మధ్య రేకు దిండులా ఉబ్బడం

టెన్షన్ పడాల్సింది దీనికే. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అతికిన చోట నీరు చేరింది. లోపల పుట్టిన పొడి అసలు లోహం కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి రేకును పైకి తోస్తుంది, రివెట్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో పెద్ద ముక్క గాలిలోనే ఊడిపోయింది. అక్కడ ఇలాంటి అతుకుల జిగురు వదిలేసింది, తుప్పు, లోహపు అలసట (పదేపదే ఒత్తిడి పడి లోహం చిట్లడం) తోడయ్యాయి. అప్పటికి ఆ విమానం దాదాపు 90 వేలసార్లు ఎగిరి దిగింది. క్యాబిన్ సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఉబ్బు కనిపిస్తే ఎడ్డీ కరెంట్ పరీక్ష (రేకు విప్పకుండానే విద్యుత్ ప్రవాహంతో లోపలి పగుళ్లు, తుప్పు పట్టుకునే పరీక్ష) చేయించండి. తుప్పు తీశాక మిగిలిన మందం కొలవండి. అది రిపేర్ మాన్యువల్ ఒప్పుకునే హద్దు దాటి పలచబడితే అతుకు వేయాలి, లేదా రేకు మార్చాలి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు.

రివెట్ వెనక నల్లటి పొగ చార

రివెట్ వదులై రాసుకుంటోంది. తుడిచాక మళ్లీ వస్తే రివెట్ మార్చండి, రంధ్రం సాగిందేమో చూడండి.

స్క్రూ చుట్టూ తెల్ల పొడి

ఉక్కు స్క్రూ, అల్యూమినియం రేకు, మధ్యలో ఉప్పు తడి కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. మాన్యువల్ చెప్పిన పూత ఉన్న స్క్రూనే సీలెంట్ పూసి తడిగా ఉండగానే బిగించాలి.

పొట్ట కింద, టాయిలెట్ నేల దగ్గర మరకలు

సగంసార్లు దోషి మూసుకుపోయిన డ్రెయిన్ రంధ్రమే. నీరు పోయే ఆ రంధ్రం తెరవకుండా నేల కింది దూలానికి రంగు వేయడం దండగ. లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టె దగ్గరైతే బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, పొంగు ఆగాక మంచినీళ్లు పోయాలి.

ఇక కడగడం. ఉప్పు గాలి తీవ్రంగా ఉన్నచోట 15 రోజులకు, ఓ మాదిరి చోట 45 రోజులకు, పొడి వాతావరణంలో 90 రోజులకు ఒకసారి కడగాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సూచన. విశాఖలో ఆరుబయట నిలిపే విమానానికి నేనైతే మొదటి అంకెనే పట్టుకుంటాను. కడిగాక సందులు ఆరనిచ్చి, ఆ తర్వాతే తుప్పు నిరోధక నూనె కొట్టండి.