తెల్ల బంతి జారుతోందా, దొర్లుతోందా? పూల్ టేబుల్ మీద భౌతికశాస్త్రం

క్యూ అనే కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో రంగు బంతులను టేబుల్ పాకెట్లలో వేసే ఆట పూల్. దాన్ని నేర్చుకునేవారు గురి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా తెల్ల బంతి నడక మీద పెట్టరు. రంగు బంతి పాకెట్‌లో పడ్డాక తెల్ల బంతి ఎటు పోతుందన్నది అదృష్టానికి వదిలేస్తారు. నిజానికి ఢీకొనే క్షణంలో తెల్ల బంతి క్లాత్ (టేబుల్ మీద పరిచిన గుడ్డ) మీద జారుతోందా, ముందుకు దొర్లుతోందా, వెనక్కి తిరుగుతూ జారుతోందా అన్నదే దాని తరువాతి దారిని చాలావరకు నిర్ణయిస్తుంది.

పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, ఒక సెట్‌లోని బంతుల బరువు దాదాపు సమానం. సమాన ద్రవ్యరాశి గల వస్తువుల స్థితిస్థాపక అభిఘాతం (గతిజశక్తి నష్టపోని ఢీ) గురించి ఇంటర్మీడియట్‌లో చదివిన పాఠం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. జారుతూ వచ్చిన బంతి నిశ్చలంగా ఉన్న బంతిని నిండుగా తాకితే, తన వేగాన్ని దాదాపు మొత్తంగా దానికి ఇచ్చి తాను అక్కడే ఆగిపోతుంది. పక్కగా తాకితే రెండూ ఇంచుమించు లంబకోణంలో విడిపోతాయి. ద్రవ్యవేగమూ గతిజశక్తీ రెండూ నిలవాలంటే అవి వెళ్లగలిగే దారి అదొక్కటే.

అయితే బంతి ఎల్లకాలం జారదు. కేంద్రానికి సరిగ్గా కొట్టిన బంతి మొదట తిరగకుండా జారుతుంది, క్లాత్ ఘర్షణ దాన్ని క్రమంగా తిప్పుతూ చివరకు దొర్లేలా చేస్తుంది, అప్పటికి దాని వేగం మొదటి వేగంలో 5/7 వంతుకు తగ్గి ఉంటుంది. దీన్ని కంటితో చూడాలంటే 9 నుంచి 15 వరకు అంకెలున్న చారల బంతుల్లో ఒకదాన్ని తెల్ల బంతి స్థానంలో పెట్టండి. చార నడుముపట్టీలా టేబుల్‌కు సమాంతరంగా ఉండేలా సర్ది, సరిగ్గా మధ్యలో కొట్టండి. జారినంతసేపూ చార అడ్డంగానే ఉంటుంది, ఘర్షణ పట్టు బిగిసేకొద్దీ అది ఊగి, తరువాత గిర్రున పల్టీలు కొడుతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో గుర్తుపెట్టుకోండి. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, సెకనుకు ఒక మీటరు వేగంతో కొట్టిన బంతి పన్నెండు సెంటీమీటర్లకే దొర్లడం మొదలుపెడుతుంది. వేగం రెండింతలైతే జారే దూరం నాలుగింతలై అర మీటరుకు చేరుతుంది. దూరంగా ఉన్న బంతి దగ్గర తెల్ల బంతిని ఆపాలంటే కేంద్రానికి కిందుగా కానీ, బాగా గట్టిగా కానీ ఎందుకు కొట్టాలో ఈ లెక్కలోనే ఉంది.

కేంద్రానికి సుమారు 11 మిల్లీమీటర్లు పైన, అంటే టేబుల్ నుంచి వ్యాసంలో పదింట ఏడు వంతుల ఎత్తున కొడితే, బంతి జారకుండా మొదటి నుంచే దొర్లుతుంది. కేంద్రం నుంచి వ్యాసార్థంలో సగం దాటి ఎటు కొట్టినా, పట్టు కోసం చాక్ ఎంత రాసినా, టిప్ (క్యూ కొన) జారిపోయే ప్రమాదం ఉంటుంది.

దొర్లుతున్న బంతికి లంబకోణం వర్తించదు. అభిఘాతంలో ముందుకు పోయే వేగం మారుతుంది కానీ తిరుగుడు దాదాపు అలాగే మిగిలి, బంతిని మళ్లీ ముందుకు లాగుతుంది. నిండుగా తాకినప్పుడు బంతి ఒక్క క్షణం ఆగి, పాత వేగంలో 2/7 వంతుతో మళ్లీ కదులుతుంది. పక్కగా తాకినప్పుడు, రంగు బంతిలో పావు నుంచి ముప్పావు భాగం వరకు ఎంత కప్పేలా కొట్టినా, తెల్ల బంతి తన పాత దారి నుంచి సుమారు 30 డిగ్రీలే పక్కకు మళ్లుతుంది. నా దృష్టిలో ఆటగాడికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం లేదు, ఎందుకంటే మామూలుగా ఆడే దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ హద్దుల్లోనే ఉంటాయి.

ఈ ఆట గణితాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియాలిస్ 1835లోనే పుస్తకంగా వెలువరించాడు. బంగాళాఖాతపు తుఫానులు అపసవ్యదిశలో సుడి తిరగడానికి కారణమైన ప్రభావానికి పెట్టింది ఆయన పేరే. 2014లో హుద్‌హుద్ తుఫానును చూసిన విశాఖవాసులకు ఆ సుడి కొత్త కాదు.

విశాఖలో ఆడేవారు గాలిలోని తేమను కూడా లెక్కలో చేర్చుకోవాలి. ఏసీ లేని గదిలో క్లాత్ తేమను పీల్చుకుంటే ఘర్షణ పెరిగి టేబుల్ స్లో అవుతుంది. పైన చెప్పిన 0.2 గుణకం 0.25కు పెరిగిందనుకుంటే, అర మీటరు జారాల్సిన బంతి 40 సెంటీమీటర్లకే దొర్లడం మొదలుపెడుతుంది. స్క్రూ షాట్‌లో (తెల్ల బంతి వెనక్కి వచ్చేలా కేంద్రానికి కిందుగా కొట్టే దెబ్బలో) వెనక్కి తిప్పిన తిరుగుడు కూడా అలాగే ముందే అరిగిపోతుంది. కనుక ఆట మొదలుపెట్టే ముందు చారల బంతితో ఒకటి రెండు దెబ్బలు వేసి ఆ రోజు క్లాత్ తీరు చూడండి, స్క్రూ కోసం మామూలుకన్నా కాస్త కిందికి కొట్టండి.

కుడి ఎడమల తిరుగుడు ముఖ్యంగా కుషన్‌కు (టేబుల్ అంచు రబ్బరు గట్టుకు) తగిలినప్పుడే బంతి దారిని మారుస్తుంది, పైగా కొట్టినప్పుడే తెల్ల బంతిని గురి నుంచి కొద్దిగా పక్కకు నెడుతుంది. మధ్యగీత మీద పైనా కిందా కొట్టడం అలవడేదాకా దాని జోలికి పోకపోవడమే మంచిది.

బంతుల శుభ్రత కూడా చూసుకోవాలి. చాక్, చెమట అంటిన బంతుల మధ్య ఘర్షణ పెరిగి, తెల్ల బంతి తాకినప్పుడు రంగు బంతిని తాను పోతున్న వైపుకు కొద్దిగా లాగుతుంది. నెమ్మదిగా కొట్టే కోణపు దెబ్బల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బంతులను పొడిగుడ్డతో తుడవండి, తుడిచే వీలు లేనప్పుడు రంగు బంతిని అనుకున్నదానికన్నా మరికాస్త అంచున తాకేలా గురిపెట్టండి.