టోర్టిల్లా అంచులు చీలకుండా మాసా కలిపే పద్ధతి

టెక్సాస్‌లో ఉంటూ ఇంట్లో మొక్కజొన్న టోర్టిల్లాలు (పలుచని మెక్సికన్ రొట్టెలు) చేసుకునేవారికి తరచూ ఎదురయ్యే విసుగు ఇది: పిండి ఉండను నొక్కగానే అంచులు చీలిపోతాయి. మా పేటలోని మెక్సికన్ బేకరీలో రొట్టెలతో పాటు పచ్చి మాసా, అంటే టోర్టిల్లాలకు వాడే మొక్కజొన్న పిండి ముద్ద, కూడా అమ్ముతారు. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి అడిగితే అక్కడి పెద్దావిడ ఎంతో ఓపికగా కలిపి చూపించారు.

రెండు కప్పుల మాసా హరీనా (మాసాను ఎండబెట్టి చేసిన పొడి) పిండికి అర చెంచా ఉప్పు, ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు. రెండు మూడు నిమిషాలు మెత్తగా పిసికి, తడిబట్ట కప్పి 20 నిమిషాలు వదిలేయాలి. ఈ ఆగడమే అసలు కిటుకు. పిండి నీటిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. తర్వాత నిమ్మకాయంత ఉండ తీసుకుని అరచేతుల మధ్య నొక్కి చూడండి. అంచు చీలితే ఒక చెంచా నీళ్లు, చేతికి అంటుకుంటే ఒక చెంచా పిండి కలిపి మళ్లీ చూడండి. సరిపోయాక రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పలచగా నొక్కి, బాగా వేడెక్కిన పెనం మీద ఒక్కో వైపు నిమిషం కాల్చితే చాలు.

పచ్చి మాసానే కొనాలనుకునే శాకాహారులు 'ప్రెపరాదా' కానిది అడగండి. ప్రెపరాదా అంటే తమాలీల (మాసాను పొట్టులో చుట్టి ఆవిరిపై ఉడికించే వంటకం) కోసం ముందే కలిపి ఉంచినది; దానిలో సాధారణంగా పంది కొవ్వు ఉంటుంది.

మన కిరాణా కొట్లలో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో మాత్రం ఇది కుదరదు. మాసా కోసం గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. పిండి ముద్దగా అతుక్కునేది ఆ సున్నం వల్లే.