గొంతులు తగ్గాకే అసలు జాగ్రత్త: సైకోసిస్ వైద్యం కొత్తలో ఇంట్లోవాళ్లు చేయాల్సింది

చెవిలో గొంతులు తగ్గాయి, నిద్ర పడుతోంది, నాలుగు ముద్దలు తింటున్నాడు, హమ్మయ్య గండం గడిచింది అనుకుంటాం చూడండి, కళ్లు తెరుచుకుని ఉండాల్సింది సరిగ్గా అప్పుడే. సైకోసిస్‌కి, అంటే లేని గొంతులు వినిపించి, లేనివి నిజమని నమ్మే జబ్బుకి, వైద్యం మొదలైన తొలి ఏడాది, అందులోనూ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. భ్రమలు తగ్గేకొద్దీ తనకేం జరిగిందో తెలిసొస్తుంది కదా. చదువు ఆగిపోయింది, నలుగురి ముందూ ఏదేదో వాగాను, ఇక నాకు పెళ్లెవరు చేస్తారు, ఇవన్నీ ఒక్కరే కూర్చుని తలుచుకుంటారు. మనమేమో "తగ్గిందిగా, ఉద్యోగం చూసుకో" అంటాం. ఆ మాట కొన్నాళ్లు ఆపండి.

"చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు వేశాక మళ్లీ అలా అనిపిస్తే మనకి చెప్పడం మానేస్తారు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. చచ్చిపొమ్మని గొంతులు చెప్తున్నాయంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు.

మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. పల్లెల్లో అయితే పురుగుమందు ఇంటి చుట్టుపక్కల ఎక్కడా ఉంచకండి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. కొత్త మందు మొదలుపెట్టాకో, డోసు పెంచాకో కొందరు ఒకచోట కూర్చోలేక, కాళ్లు ఆడిస్తూ, గదంతా తిరుగుతూనే ఉంటారు. దీన్ని అకతీసియా అంటారు. మనం టెన్షన్ అనుకుని వదిలేస్తాం, వాళ్లకి లోపల నరకం, ఆ యాతనలో చావు ఆలోచనలూ రావచ్చు. వెంటనే డాక్టర్‌కి చెప్తే డోసో మందో మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి. (తాయెత్తు కట్టిస్తారా, కట్టించండి, మాత్ర మాన్పించకుండా.) స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ఎక్కువకాలం ఉండే జబ్బు) అని తేలి, చావు ఆలోచనలు వదలకపోతే క్లోజపిన్ గురించి అడగండి, ఆత్మహత్య ప్రయత్నాలను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలిన మందు అది, కాకపోతే రక్తపరీక్షలు తప్పవు.

అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 108. పోలీసు కేసవుతుందని దాచిపెట్టి ఇంట్లోనే ఉంచేయకండి, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.