హ్యాంగ్ అప్: ఫోన్ పెట్టేయడానికి ‘తగిలించడం’ ఎందుకు?

ఫోన్ పెట్టేయడాన్ని ఇంగ్లీషులో హ్యాంగ్ అప్ అంటారు. హ్యాంగ్ అంటే వేలాడదీయడం. ఫోన్‌కి ఆ మాట ఎలా అంటుకుందో తెలిస్తే సగం వాడకం పట్టుబడినట్టే.

1876లో బెల్‌కి టెలిఫోన్ పేటెంట్ వచ్చింది. ఆ తరవాత వాడుకలోకొచ్చిన గోడ ఫోన్లలో మాట్లాడే గొట్టం పెట్టెకే బిగించి ఉండేది. వినే గొట్టం మాత్రం విడిగా, తీగ చివర, పక్కనున్న కొక్కేనికి వేలాడేది. ఆ కొక్కెమే స్విచ్చి. గొట్టం తీయగానే స్ప్రింగు కొక్కేన్ని పైకి లేపి లైను కలిపేది. తిరిగి తగిలిస్తే ఆ బరువుకి కొక్కెం కిందికి దిగి లైను తెగేది. అందుకే తగిలించడమంటే కాల్ ముగించడమైంది. తెరమీద ఎర్ర గుర్తు నొక్కే ఫోన్లొచ్చినా మాట మారలేదు.

కోటు తగిలించడానికీ ఇదే మాట. హ్యాంగ్ అప్ ద కోట్, హ్యాంగ్ ద కోట్ అప్, రెండూ సరే. ఇట్ వాడితే మాత్రం మధ్యలోనే పెట్టాలి: హ్యాంగ్ ఇట్ అప్. ఆటగాడు బూట్లు హ్యాంగ్ అప్ చేశాడంటే ఇక ఆడడని.

ఎక్కువమంది తడబడేది ఆన్ దగ్గర. షి హంగ్ అప్ అంటే ఆవిడ ఫోన్ పెట్టేసింది, అంతే. షి హంగ్ అప్ ఆన్ మి అంటే నేను మాట్లాడుతుండగానే టపీమని పెట్టేసింది. మర్యాదగా ముగిసిన కాల్‌కి ఈ ఆన్ చేరిస్తే ఎదుటివారిమీద ఫిర్యాదు చేసినట్టుంటుంది. ఆన్ మానేసి షి హంగ్ అప్ మి అన్నా కుదరదు. ఇక అప్ తీసేసి హ్యాంగ్ ఆన్ అంటే అర్థం తలకిందులే: కాస్త ఉండండి, పెట్టేయకండి అని.

భూతకాలం హంగ్. హ్యాంగ్డ్ అనే రూపం ఉరి విషయంలో వాడేది, ఫోన్‌కి పనికిరాదు.

మధ్యలో చిన్న గీతతో హ్యాంగ్-అప్ అని రాస్తే నామవాచకం: మనసులో పాతుకుపోయిన బెరుకో పట్టింపో. దీనికి దగ్గరిదే ఇంకో ప్రయోగం, చదివేటప్పుడు పొరబడేది ఇక్కడే. హి హంగ్ అప్ ఆన్ హర్ అంటే ఆమె మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేశాడు. ఈజ్ చేర్చి హి ఈజ్ హంగ్ అప్ ఆన్ హర్ అంటే ఆమెను మరిచిపోలేక కొట్టుకుంటున్నాడు.