సొంత గేమ్ అమ్ముకుందాం – 4వ పాఠం: స్టోర్ పేజీ

మీ గేమ్ ఎవరు కొంటారో పోయిన పాఠంలో రాసుకోమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌లో, మీ గేమ్‌కి పేజీ పెడదాం.

"గేమ్ సగం కూడా కాలేదు, ఇప్పుడే పేజీ ఎందుకండీ?" బెంగళూరులో మనవాళ్లు అందరూ అడిగేది ఇదే. పగలు ఆఫీసు, రాత్రి మారతహళ్లి పీజీలో సొంత గేమ్, అంతా అయ్యాక ఒకేసారి చూపించి అదరగొట్టాలని ఆశ. అలా చేస్తే విడుదల రోజున ఆ గేమ్ సంగతి రూమ్మేట్లకి తప్ప ఎవరికీ తెలియదు. పేజీ ముందే ఉంటే నచ్చినవాళ్లు విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకునే గేమ్‌ల జాబితాలో, వేసుకుంటారు. గేమ్ విడుదలైనప్పుడు, తర్వాత 20 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గింపు పెట్టినప్పుడు, వాళ్లకి స్టీమే మెయిల్ పంపుతుంది.

నిబంధన ప్రకారం విడుదలకు ముందు పేజీ కనీసం 2 వారాలు కనిపించాలి. నన్నడిగితే ఆరు నెలలైనా ఉంచండి. ఒక్కో గేమ్‌కి ఫీజు 100 డాలర్లు. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది వెనక్కి వస్తుంది. ఫీజు కట్టాక 30 రోజులు గడిస్తే గానీ గేమ్ విడుదల చేయనివ్వరు, అందుకే చివరి వారం దాకా ఆగితే టెన్షన్ తప్పదు.

ఇక అసలు పని. పేజీలో పైన కనిపించే చిన్న వివరణకి సుమారు 300 అక్షరాలే చోటు. మీ గేమ్‌లో ఒక వాటర్ ట్యాంకర్ యజమాని ఎండాకాలంలో వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లకి నీళ్లు సరఫరా చేస్తాడనుకుందాం. మామూలుగా ఇలా రాస్తారు:

"దాహంతో అల్లాడే మహానగరంలో ఒక సామాన్యుడి బతుకు పోరాటం. మరపురాని అనుభూతికి సిద్ధం కండి!"

ఇది ఏ గేమ్‌కైనా అతుకుతుంది. ఆడేవాడు ఏం చేస్తాడో ఇందులో ఎక్కడుంది? ఇప్పుడు ఇది చూడండి:

"మీకున్నది ఒక్క ట్యాంకర్. చీకటి పడేలోగా ఆరు అపార్ట్‌మెంట్ల సంపులు నింపాలి. ఎవరికి ముందు పోయాలో తేల్చుకోండి, ట్రాఫిక్ తప్పించుకోండి, మిగిలిన డబ్బుతో రెండో ట్యాంకర్ కొనండి."

నింపాలి, తేల్చుకోండి, కొనండి. క్రియలే అమ్ముతాయి, విశేషణాలు కావు. కథానాయకుడి ఫ్లాష్‌బ్యాక్ కిందున్న పెద్ద వివరణలో రాసుకోండి, ఎవరూ వద్దనరు.

తర్వాత బొమ్మ. స్టోర్ జాబితాల్లో గేమ్‌కి ముఖం అదే, దాన్ని క్యాప్సూల్ అంటారు. చిన్న సైజు 462 బై 174 పిక్సెళ్లలో అప్‌లోడ్ చేయాలి, తెరమీద ఇంకా చిన్నగా కనిపిస్తుంది. అందులో పేరు చదవగలగాలి, అంతే. 2022 సెప్టెంబరు నుంచి క్యాప్సూల్ మీద గేమ్ పేరు, బొమ్మ తప్ప అవార్డులు, రివ్యూ వాక్యాలు, తగ్గింపు ప్రకటనలు వేయనివ్వడం లేదు. డబ్బు ఖర్చుపెట్టి ఎవరితోనైనా ఒక్క పనే చేయించగలిగితే ఈ బొమ్మే గీయించండి.

స్క్రీన్‌షాట్లు కనీసం అయిదు కావాలి. మెనూ తెర, టైటిల్ తెర పెట్టకండి. మొదటి నాలుగింటిలో ఆట నడుస్తూ ఉండాలి: ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ట్యాంకర్, ఖాళీ సంపు, పక్కన తగ్గిపోతున్న టైము. ట్యాగ్‌ల (గేమ్ ఏ రకమో చెప్పే చిన్న మాటల) విషయంలో మొహమాటం వద్దు. మీ గేమ్‌ని పోలిన నాలుగైదు గేమ్‌ల పేజీలు తెరిచి, వాటికి ఉమ్మడిగా ఉన్నవి ముందు పెట్టండి.

ఈ వారం అభ్యాసం: పేజీ చిత్తుప్రతిని ఫోన్‌లో తెరిచి, మీ గేమ్ గురించి ఏమీ తెలియని మనిషికి పది సెకన్లు చూపించండి. చుట్టాలు, టీమ్‌మేట్లు పనికిరారు, వాళ్లు "సూపర్ బ్రో" అనేసి ఊరుకుంటారు. ఫోన్ వెనక్కి తీసుకుని "ఇందులో ఏం చేయాలి?" అని అడగండి. జవాబులో ఒక్క క్రియ కూడా రాకపోతే చిన్న వివరణ తిరగరాయండి. వచ్చే పాఠం ధర గురించి: రూపాయల్లో ఎంత, డాలర్లలో ఎంత, స్టీమ్ 30 శాతం కోసుకున్నాక చేతికొచ్చేదెంత.