పసిపిల్లలకు మాటలు రావాలంటే: రోజూ 10 నిమిషాలు ఇలా ఆడండి

ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఆగకుండా మాట్లాడటం. పాప నోరు తెరిచేలోపే జవాబు మనమే చెప్పేస్తాం.

1. టీవీ ఆపేయండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. రెండేళ్లు నిండేదాకా తెర వద్దనీ, 2–4 ఏళ్ల మధ్య రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

2. నేల మీద ఎదురెదురుగా కూర్చోండి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మీ పెదాలు, ముఖం పాపకు కనిపించవు. పాప దేన్ని చూస్తోందో దాని గురించే మాట్లాడండి. తను కారు పట్టుకుని ఉంటే మీరు ఏనుగు బొమ్మ ఊపడం దండగ.

3. ఒక మాట అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. మొదట్లో ఆ పది అంకెలు ఎంతకీ తెమలవు, అయినా ఆగండి. మూడు బ్లాకులు పేర్చి కూల్చండి, "పడిపోయింది!" అనండి. నాలుగైదుసార్లయ్యాక "పడి…" అని నోరు మూసుకుని పాప వంక చూడండి. "పోయి" అన్నా, చెయ్యి ఊపినా, కిలకిలా నవ్వినా అది జవాబే. వెంటనే మాట పూర్తిచేసి మళ్లీ పేర్చండి.

4. పాప అన్నదానికి ఒక్క మాట కలపండి. "బంతి" అంటే "ఎర్ర బంతి" అనండి. "లైలు" అంటే "అవును, రైలు! రైలు వెళ్లిపోయింది" అంటే చాలు. "అలా కాదు, సరిగ్గా చెప్పు" అంటే కొందరు అసలు పలకడమే మానేస్తారు. "ఇదేంటి? అదేంటి?" అని అదేపనిగా అడిగినా అంతే, ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది.

5. ఏడుపొచ్చినప్పుడు మాటలు తగ్గించండి. "ఏం కాలేదులే, ఊరుకో" అంటాం గానీ, తనకు అయింది కదా! పక్కన కూర్చుని "బ్లాకులు పడిపోయాయి. కోపం వచ్చింది" అనండి. చెయ్యెత్తితే ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని "కొట్టనివ్వను" అంటే సరి. నీతులు చెప్పాలనుంటే ఏడుపు ఆగాకే.

ఇంట్లో రెండు భాషలుంటే రెండూ మాట్లాడండి, దానివల్ల మాటలు ఆలస్యం కావు.

ఏడాదికి శబ్దాలు చేయకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు "అమ్మ రా" లాంటి రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా సరే, అస్సలు ఆగొద్దు. ముందు వినికిడి పరీక్ష అడగండి. చప్పట్లకు తల తిప్పుతోందిగా అని సరిపెట్టుకోవద్దు. కర్ణభేరి వెనక నీరు చేరితే పెద్ద చప్పుళ్లు వినిపిస్తాయి, మాటల్లోని "స" లాంటి సన్నని శబ్దాలు మాత్రం జారిపోతాయి.