తల గాయం తర్వాత తగ్గని ఇబ్బందులు: యూడీఐడీ కార్డుకు దరఖాస్తు విధానం

తలకు దెబ్బ తగిలిన మనిషి కుట్లు మానిపోయి ఇంట్లో తిరుగుతుంటే "ఇంకేం, బాగైపోయాడుగా" అనేస్తారు. చికిత్స అయిపోయి నెలలు గడిచినా ఇబ్బందులు తగ్గకపోతే దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజేమీ లేదు.

ముందే ఒక చిక్కుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి గానీ, అందులో తల గాయం అని విడిగా లేదు. గాయం వల్ల ఏం మిగిలిందో దాన్నిబట్టి రకం ఎంచుకోవాలి. ఒక పక్క కాలూచెయ్యీ పట్టు తప్పితే శారీరక వైకల్యం. చెప్పాలనుకున్న మాట నోటికి రాకపోయినా, ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోయినా అది మాట, భాషకు సంబంధించిన వైకల్యం. ఏది పెట్టాలో చికిత్స చేసిన డాక్టరునే అడగండి, నెట్ సెంటర్ కుర్రాడి ఊహకు వదిలేయకండి.

పైకి కనిపించని లక్షణాలతోనే అసలు తంటా. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం ఎవరికైనా జరిగేదే. అదే రోజూ జరుగుతూ, మాడిన గిన్నె చూపించినా "నేనెప్పుడు పెట్టాను?" అని వాదిస్తుంటే పట్టించుకోవాలి. అడిగిందే అడగడం, చిన్న చప్పుడుకే చిరాకు, ముందెన్నడూ లేని కోపం, ఏ పనీ మొదలుపెట్టాలనిపించకపోవడం, కాసేపటికే నీరసం, వాసన తెలియకపోవడం, ఫిట్స్... ఇవన్నీ తేదీలు వేసి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. "మతిమరుపు ఉంది" అని రాస్తే డాక్టరుకు తెలిసేది తక్కువ. "ఏటీఎం పిన్ గుర్తురాక ఈ నెలలో రెండుసార్లు వెనక్కి వచ్చేశాడు" అని రాయండి. క్లినికల్ సైకాలజిస్టు చేసిన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల రిపోర్టు కూడా ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో చేయాలి. ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, వైద్య పత్రాలు కావాలి. డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టు తప్పకుండా దగ్గర పెట్టుకోండి. వివరాలు నింపి, ఆసుపత్రి ఎంచుకుని సబ్మిట్ చేస్తే ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది. దాన్ని భద్రంగా ఉంచుకోండి, స్టేటస్ చూసుకోవడానికి అదే ఆధారం.

ఆసుపత్రివాళ్లు పరీక్షకు పిలిచిన రోజు మనిషిని ఒంటరిగా పంపకండి. తల గాయమైనవాళ్లలో చాలామందికి తమలో వచ్చిన మార్పు తమకే తెలియదు. డాక్టరు "ఎలా ఉన్నారు?" అంటే "బానే ఉన్నానండీ" అని చక్కగా జవాబిస్తారు, ఆ ముక్కతో ఇంట్లోవాళ్లు పడుతున్న పాట్లన్నీ గాలికి పోతాయి. రోజూ పక్కనుండే మనిషి ఆ నోట్‌బుక్‌తో సహా వెళ్లాలి. చెప్పేటప్పుడు పెంచొద్దు, తగ్గించొద్దు.

పరిస్థితి మారే అవకాశం ఉందనిపిస్తే గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు ముగిశాక మళ్లీ పరీక్ష ఉంటుంది. కార్డు రంగు వైకల్య శాతాన్ని చెబుతుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. చాలా పథకాలకు కనీసం 40 శాతం ఉండాలి. శాతం తక్కువ వేశారనిపించినా, దరఖాస్తు తిరస్కరించినా నిర్ణీత గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు కొత్త రిపోర్టులేమైనా ఉంటే జతచేయండి.